మంగు, ఆటలమ్మ గుంటలు, గోడ మీద పెన్సిల్ గీత: తొమ్మిదో నెల లెక్క

కడియం వైపు నర్సరీల్లో తిరిగే ఆడవాళ్ళని మొహం చూసే చెప్పేయొచ్చు. కొంగు కప్పుకున్న నుదురు ఒక రంగు, ఎండ తగిలే బుగ్గలు ఇంకో రంగు. నాకు 44 ఏళ్ళు. రెండు బుగ్గల ఎముకల మీదా మంగు, ఎడమ బుగ్గన చిన్నప్పటి ఆటలమ్మ గుంటలు ఐదు. సంక్రాంతికి నోటుబుక్కు తెరిచాను. మా ఆయన దాన్ని ‘మొహం ఖాతా’ అంటారు.

ముందు ఫోటో సంగతి. మొదటి రెండూ పనికిరాలేదు. ఫోన్లో బ్యూటీ మోడ్ దానంతటదే ఆనై ఉంది, మచ్చలన్నీ మింగేసింది! ఇప్పుడది ఆపేసి, ఫ్లాష్ లేకుండా, ఉదయం 7 గంటలకి ఉత్తరం కిటికీ పక్కన, గోడ మీద గీసిన పెన్సిల్ గీత ఎత్తుకి గడ్డం సరిపెట్టి తీస్తున్నాను. 15 రోజులకొకటి. గుంటలకైతే టార్చి పక్కనుంచి వేసి ఇంకొకటి. నీడ పడితేగానీ లోతు తెలీదు.

మాఘమాసంలో మా ఆడపడుచు కూతురి పెళ్ళికి రెండు రోజుల ముందు ఒక పార్లర్లో పీల్ చేయించుకున్నాను, అంటే యాసిడ్ రాసి పై చర్మం పొర ఊడేలా చేయడం. సీసాలో యాసిడ్ ఎంత శాతమో అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. మంట పుట్టినా ‘పనిచేస్తోందండి’ అన్నారు. పెళ్ళిలో ఎర్రగా ఉన్నాను, వారానికి ఎడమ ఎముక మీద రూపాయి బిళ్ళంత నల్లటి అట్ట. మన చామనఛాయ ఒంటికి మంటైనా వాపైనా తగిలితే మచ్చ నల్లబడుతుందని రాజమండ్రి స్కిన్ డాక్టరమ్మ చెప్పింది. షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కని ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకు మాడుతుందని రోజూ కొనేవాళ్ళకి చెప్పేదాన్ని నేనే. నా మొహానికి మాత్రం ఆ తెలివి రాలేదు.

మార్చి నుంచి జూన్ దాకా యంత్రం ఏదీ లేదు. పొద్దున సన్‌స్క్రీన్, రాత్రి 0.025 శాతం ట్రెటినాయిన్ (విటమిన్ ఎ జాతి మందు) క్రీమ్ బఠాణీ గింజంత. మొదట వారానికి రెండు రాత్రులు, తర్వాత రోజు విడిచి రోజు. మొదటి నెల ముక్కు పక్కన పొట్టు లేచింది, మాయిశ్చరైజర్ పెంచాను. కడుపుతో ఉన్నవాళ్ళు దీని జోలికి పోకూడదు. సన్‌స్క్రీన్ రెండు వేళ్ళ పొడవు పిండితేనే మొహానికీ మెడకీ సరిపోతుంది. నేను అంతకుముందు పావు వంతు రాసి పనిచేయట్లేదని తిట్టుకునేదాన్ని. SPF అంటే ఎండని ఆపే బలం. ఒంటిని మాడ్చే UVB కిరణాల్లో SPF 30 ఆపేది 97 శాతమైతే 50 ఆపేది 98, తేడా అంతే. మంగుకి మాత్రం ఐరన్ ఆక్సైడ్ అనే రంగుపొడి కలిసిన సన్‌స్క్రీన్ మేలు, ఎందుకంటే కంటికి కనబడే వెలుతురు కూడా మంగుని పెంచుతుంది. మా ఉక్కలో తెల్ల క్రీములు చెమటకి కళ్ళలోకి కారేవి. జెల్‌కి మారాక రెండు గంటలకోసారి మొక్కల మధ్యే రాసుకుంటున్నాను. ఆ నల్ల అట్ట జూన్ ఫోటోలో టీ రంగుకి దిగింది.

వానలు పడ్డాక, జూలై ఆగస్టుల్లో డాక్టరమ్మ దగ్గర గ్లైకోలిక్ యాసిడ్ పీల్ మూడుసార్లు, మూడేసి వారాల ఎడంతో. 35 శాతం, వాచీ చూస్తూ మూడు నిమిషాలు, వెంటనే సోడా నీళ్ళతో ఆపేసింది. ముందు వారం ట్రెటినాయిన్ మానేశాను. మెరుపు వచ్చింది, మంగు కాస్త తగ్గింది. గుంటలు కదలలేదు, పై పొరలో పని అది.

గుంటల కోసం సెప్టెంబరులో మైక్రోనీడ్లింగ్, అంటే సన్న సూదులతో చర్మాన్ని గుచ్చడం. కోత లేదంటారు కానీ చుక్కలు చుక్కలుగా రక్తం వస్తుంది. ముప్పావు గంట మత్తు క్రీమ్, 1.5 మిల్లీమీటర్ల సూదులు. రెండు రోజులు ఎండదెబ్బ తిన్నట్టు ఎరుపు. ఇంట్లో దొరికే రోలర్‌తో ఇది చేసుకోవద్దు.

హైఫూ, ఐపీఎల్ అనే యంత్రాల సంగతీ అడిగి చూశాను. హైఫూ అల్ట్రాసౌండ్‌తో చర్మం కింద వేడి చుక్కలు పెట్టి జారిన దవడని బిగించే పని, మచ్చలకి కాదు. ఐపీఎల్ మెరుపులా కొట్టే వెలుతురు, అది మచ్చలోని రంగునే కాదు, ఒంటి రంగునీ పట్టుకుంటుంది. నాకొద్దంది డాక్టరమ్మ. మా తోటికోడలి ఎర్ర వెలుతురు వేసే ఎల్ఈడీ మాస్కు నెల పెట్టాను, ఫోటోలో తేడా లేదు.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబడే ట్యూబులు వేరే కథ. చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మా వీధిలో ఒకావిడకి బుగ్గల మీద ఎర్ర నరాలు బయటపడ్డాయి.

అక్టోబరు ఫోటోలో ఐదు గుంటల్లో రెండింటి నీడ పలచబడింది. కొత్త కొల్లాజెన్ (చర్మాన్ని నిండుగా ఉంచే ప్రోటీన్) పట్టడానికి మూడు నెలలకి పైనే పడుతుంది కాబట్టి ఇప్పుడే లెక్క తేల్చను. రెండో సిట్టింగ్ దీపావళి వెళ్ళాక. మొన్న పండగ సున్నాలకి పెన్సిల్ గీత కొట్టుకుపోయింది. తలుపు గడియ నుంచి జానెడు కొలిచి మళ్ళీ గీశాను.