రైతు అంటే ఎవరు? పెద్ద సంస్థల్లో సర్వీసుల సరిహద్దుల గురించి

కొన్నేళ్ల క్రితం గోదావరి డెల్టాలో ఆక్వా వ్యాపారం చేసే ఒక పెద్ద సంస్థలో నేను సాఫ్ట్‌వేరు ఆర్కిటెక్టుగా పనిచేశాను. మేత ఫ్యాక్టరీ, రొయ్య పిల్లల హేచరీ, ల్యాబులు, కొనుగోలు విభాగం, ప్రాసెసింగ్ ప్లాంటు, కోల్డ్ స్టోరేజీ, ఎగుమతుల విభాగం, అన్నీ ఒకే యాజమాన్యం కింద ఉండేవి. అయితే ఒక్కొక్కటి ఒక్కో కాలంలో పుట్టినందువల్ల దేని సాఫ్ట్‌వేరు దానిది, దేని డేటాబేసు దానిది. వాటన్నింటినీ సర్వీసుల ద్వారా, అంటే ఒక సాఫ్ట్‌వేరు అడిగినదాన్ని మరొకటి అందించే ఏర్పాట్ల ద్వారా, కలపడం మా బృందానికి అప్పగించిన పని. అన్ని విభాగాలకూ అవసరమైనది కాబట్టి 'రైతు వివరాలు' అన్న సర్వీసును మొదట కట్టాము. మేత విభాగం దగ్గర రైతుల ఖాతాలు శుభ్రంగా ఉన్నాయని వాటినే దానికి ఆధారం చేసుకున్నాము.

సాంకేతికంగా ఆ సర్వీసులో లోపమేమీ లేదు. అడిగిన వెంటనే జవాబిచ్చేది, ఏది అడిగితే ఏమిస్తుందో చెప్పే ఒప్పంద పత్రం స్పష్టంగా ఉండేది, పరీక్షలన్నీ నెగ్గింది. దాన్ని కొనుగోలు విభాగానికి కలిపిన రెండో నెలలో ఒక కౌలు రైతు పట్టుబడి చేసి, అంటే చెరువులో పంటను పట్టించి, రొయ్యలను ప్లాంటుకు పంపాడు. కిలోకు ఎన్ని రొయ్యలన్న కౌంటు తేలింది, ధర కట్టారు, కానీ డబ్బు అతనికి అందలేదు. ఆ చెరువు మా సర్వీసులో భూమి యజమాని ఖాతా కింద ఉంది. ఆ యజమాని తన సొంత చెరువులకు తీసుకున్న మేత తాలూకు బాకీ ఇంకా తీర్చలేదు. సాఫ్ట్‌వేరు తనకు నేర్పిన లెక్క ప్రకారం కౌలు రైతుకు రావలసిన సొమ్మును యజమాని బాకీలో జమ చేసేసింది. తూకం చీట్లు చేతిలో పట్టుకుని అతను కొనుగోలు ఆఫీసు ముందు కూర్చున్న రోజున నేను అక్కడే ఉన్నాను. డబ్బు తిరిగి అతని చేతికి చేరడానికి మూడు వారాలు పట్టింది. తరువాతి పంటకు పిల్లను వదలవలసిన సమయంలో మూడు వారాలు పోవడమంటే ఏమిటో ఈ ప్రాంతంలో పుట్టిన వారికి వేరే చెప్పనవసరం లేదు.

ఆ సాయంత్రం కొనుగోలు సూపర్‌వైజరు నాతో అన్న మాటలు ఇప్పటికీ నాకు గుర్తున్నాయి. "చూడండి సార్, మేతోళ్లకి రైతంటే ఖాతా ఉన్న మనిషండి. ల్యాబోళ్లకి రైతంటే చెరువు నంబరు. మాకు రైతంటే పట్టుబడి నాడు గట్టు మీద నిలబడి తూకం చూసుకునే మనిషి. మీరు ముగ్గుర్నీ కలిపి ఒకణ్ణి చేసేశారు."

నన్ను ఎక్కువగా బాధించిన సంగతి మరొకటుంది. ఈ తేడా సంస్థకు తెలియనిది కాదు. రెండేళ్ల ముందే ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ పేరిట ఒక బృందం అన్ని విభాగాలతో మాట్లాడి, సంస్థ చేసే పనులన్నింటికీ ఒక పటం గీసింది. అందులో సాగుదారు, ఖాతాదారు, చెరువు అనే మూడు పదాలు విడివిడిగా, నిర్వచనాలతో సహా ఉన్నాయి. ఆ పటం హెడ్ ఆఫీసు గోడమీద వేలాడుతూనే ఉంది. సర్వీసులు కట్టిన మేము దాన్ని తెరిచి చూడలేదు. దాన్ని గీసినవారు మేము ఏం కడుతున్నామో అడగలేదు.

పెద్ద సంస్థల్లో ఈ రెండు విద్యలూ ఇలా విడిపోవడానికి చరిత్రలోనే కొంత కారణం ఉంది. సంస్థ మొత్తాన్ని ఒక నిర్మాణంగా చూసి, అది చేసే పనులు, వాడే సమాచారం, నడిపే అప్లికేషన్లు, వాటికింద ఉన్న యంత్ర సామగ్రి, ఇవన్నీ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో వివరించే ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ ఆలోచన 1987లో జాన్ జాక్‌మన్ ఐబీఎం పత్రికలో రాసిన వ్యాసంతో ఒక రూపానికి వచ్చింది. ఈ పనికి వాడే పద్ధతుల్లో ఒకటైన, 1995లో తొలిసారి వెలువడిన టోగాఫ్ అమెరికా రక్షణ శాఖ తయారుచేసుకున్న చట్రాన్ని ఆధారం చేసుకుని పుట్టింది. ఈ విద్య మొదటినుంచీ ప్రణాళికలు వేసే వారి చేతుల్లో పెరిగింది. సాఫ్ట్‌వేర్లను సర్వీసులుగా కట్టి కలిపే సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌ఓఏ) అన్న మాట 1996లో గార్ట్‌నర్ అనే పరిశోధన సంస్థ విశ్లేషకుల నివేదికల్లో మొదలై, సర్వీసులు సందేశాలు పంపుకునే పద్ధతి సోప్ 2000లో, సర్వీసును వర్ణించే పద్ధతి విజ్డిల్ 2001లో వచ్చాక ప్రోగ్రామర్ల చేతుల్లో బలపడింది. ఒకరు పటాలు గీశారు, మరొకరు గొట్టాలు కలిపారు. 2006లో ప్రమాణాలు రూపొందించే ఓయాసిస్ సంస్థ ప్రకటించిన నమూనా మాత్రం ఈ ఎస్‌ఓఏని నిర్వచిస్తూ, వేర్వేరు యజమానుల అధీనంలో చెల్లాచెదురుగా ఉన్న సామర్థ్యాలను ఒక క్రమంలో పెట్టి వాడుకునే పద్ధతి అంది. ఆ నిర్వచనంలో ప్రోటోకాల్ ఊసు లేదు, సాఫ్ట్‌వేరు పేరు లేదు. సామర్థ్యం, యాజమాన్యం అన్న రెండు మాటలే దానికి ప్రాణం. ఆ రెండూ సంస్థ పటంలో దొరికేవే. ఎస్‌ఓఏ నేర్చుకునే యువకులకు నేను మొట్టమొదట చెప్పేది ఈ నిర్వచనాన్నే.

అదే 2006 జనవరిలో ఐబీఎం, మైక్రోసాఫ్ట్, శాప్ సంస్థలు కలిసి నడిపిన బహిరంగ యూడీడీఐ రిజిస్ట్రీని, అంటే సర్వీసుల చిరునామాల పట్టికను, మూసివేశాయి. ప్రపంచంలోని సర్వీసులన్నీ అందులో నమోదవుతాయని, కావలసినవారు వెతికి తగిలించుకుంటారని ఆశించారు. సర్వీసు చిరునామా, దాన్ని పిలిచే పద్ధతి తెలిసినంత మాత్రాన దాని వెనుక ఉన్న అర్థం తెలియదన్న సంగతి అక్కడే బయటపడిందని నా అభిప్రాయం. మా రైతు సర్వీసు కూడా మా సొంత రిజిస్ట్రీలో చక్కగా నమోదై ఉంది.

డెల్టాలో పుట్టిన నాకు ఈ విషయం కాలువలను చూస్తే మరింత బాగా అర్థమవుతుంది. 1847లో పని మొదలై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి, ఆర్థర్ కాటన్ గురించి మనకు చిన్ననాటినుంచీ తెలుసు. ఆ ఆనకట్ట స్థానంలో తరువాత కట్టిన బ్యారేజీకి 175 గేట్లు ఉన్నాయని కూడా చాలామందికి తెలుసు. అంతగా ఎవరూ చెప్పుకోనిది కాలువల మార్గం. డెల్టాలో నది తన ఒండ్రును తానే పోసుకుంటూ ఎత్తున నడుస్తుంది, నేల నదికి దూరమయ్యే కొద్దీ పల్లమవుతుంది. అందువల్ల సాగునీటి కాలువలను మెరక వెంబడి నడిపించారు, మురుగు కాలువలను పల్లం వెంబడి పోనిచ్చారు. కాలువ ఏ ఊరి పొలిమేరనూ, ఏ జమీందారు హద్దునూ చూసి మలుపు తిరగలేదు. నేల వాలును చూసి తిరిగింది. ఒకే కాలువ పది ఊళ్లకు నీరివ్వగలగడానికి కారణం అదే.

సంస్థకు కూడా ఇలాంటి వాలు ఒకటి ఉంటుంది. సరుకు ఎక్కడ పుడుతుంది, ఎవరి చేతులు మారుతుంది, డబ్బు ఏ దారిన తిరిగి వెళ్తుంది అన్నవే ఆ వాలు. విభాగాల సరిహద్దులు ఊరి పొలిమేరల వంటివి, యాజమాన్యం మారినప్పుడల్లా అవి మారుతాయి. సాఫ్ట్‌వేరు నిర్మాణం దాన్ని కట్టిన సంస్థలోని మాటామంతీ ఏ రూపంలో ఉంటే ఆ రూపమే దాలుస్తుందని 1968లో మెల్విన్ కాన్వే అన్నాడు. ఎవరూ పట్టించుకోకుండా వదిలేస్తే సర్వీసులు విభాగాల ఆకారంలోనే తయారవుతాయి. మేత విభాగం డేటాబేసుకు ఒక తలుపు పెట్టి దానికి 'రైతు వివరాలు' అని పేరు రాయడం అలాంటిదే. ఆ తలుపు వెనుక ఉన్నది మేత విభాగం చూసే రైతు మాత్రమే.

ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ ఇక్కడే పనికి రావాలి. సంస్థ ఏమేమి చేయగలదో చెప్పే కేపబిలిటీ మ్యాపును ముందు పెట్టుకుని, అందులో ఒక్కొక్క సామర్థ్యానికి ఏ సర్వీసులు కావాలో తేల్చుకోవాలి. ఆ తరువాతే ఏ పాత సిస్టమ్ ఆ సర్వీసును అందించగలదో చూడాలి. టోగాఫ్ పద్ధతిలో వ్యాపార నిర్మాణం ముందు, సమాచారం, అప్లికేషన్లు ఆ తరువాత, యంత్ర సామగ్రి చివర వచ్చే వరుసకు అర్థం ఇదే. సిస్టమ్‌తో మొదలుపెట్టి పైకి వెళ్తే, సర్వీసు పేరు గొప్పగా ఉంటుంది గాని లోపల పాత డేటాబేసు టేబులే ఉంటుంది.

అన్నిటికంటే గట్టి ముడి డబ్బు దగ్గర పడుతుంది. ఒక సర్వీసును అయిదు విభాగాలు వాడుకుంటాయి, దాని ఖర్చు మాత్రం మొదట కట్టించిన విభాగం బడ్జెట్టులో ఉంటుంది. ఏడాది తిరిగేసరికి ఆ విభాగం మేనేజరు, మిగతా నలుగురి కోసం నేనెందుకు ఖర్చు పెట్టాలని అడుగుతాడు, అడగడం న్యాయమే. అప్పుడు మార్పులు ఆగిపోతాయి, మిగతావారు తమకు కావలసిన కాపీ తాము కట్టుకుంటారు, రెండేళ్లలో మళ్లీ మొదటికి వస్తాము. సర్వీసుకు యజమాని ఎవరు, దాని నిర్వహణ ఖర్చు ఏ పద్దు కింద పడుతుంది, దాని అర్థాన్ని మార్చే అధికారం ఎవరికి ఉంది, ఈ మూడింటికీ జవాబు ఉన్న తరువాతే ఒక్క లైను కోడైనా రాయాలన్నది నా గట్టి నమ్మకం. ఈ ప్రశ్నలకు ప్రోగ్రామర్ల బృందం జవాబు చెప్పలేదు. సంస్థ మొత్తం మీద చూపు ఉన్నవారే చెప్పగలరు. ఆర్కిటెక్చర్ బృందం ప్రతి డిజైను మీద ముద్ర వేసే కార్యాలయంగా కూర్చోవడం కంటే ఈ మూడు జవాబులను సాధించి పెట్టడం ఎన్నో రెట్లు మేలు.

మన కళ్లముందే నడుస్తున్న యూపీఐని చూస్తే ఈ మాట నిజమని తెలుస్తుంది. 2016లో అది మొదలైనప్పుడు డబ్బు పంపేవారి తరఫున యాప్ నడిపే సంస్థ ఎవరు, తీసుకునేవారి తరఫున ఎవరు, ఏ బ్యాంకు ఖాతానుంచి సొమ్ము తీస్తుంది, ఏ బ్యాంకు జమ చేస్తుంది అన్న పాత్రలను విడదీసి, ఎవరి బాధ్యత ఎంతవరకో నిర్ణయించారు. అందుకే ఒక బ్యాంకు యాప్‌లోంచి మరో బ్యాంకు ఖాతాలో డబ్బు తీయడం వీలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-ప్రగతి పేరిట ప్రభుత్వ శాఖలన్నింటికీ కలిపి ఒక ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ తలపెట్టడం వెనుకా, 2018లో కేంద్ర ఐటీ శాఖ అదే పనికి ఇండ్ఈఏ అనే చట్రాన్ని వెలువరించడం వెనుకా ఉన్న ఆలోచన ఇదే. ఒక పౌరుడు పది కార్యాలయాల్లో పది మంది వేర్వేరు మనుషులుగా కనిపించకూడదు. అలాగని మా సర్వీసు చేసినట్టు ముగ్గురిని కలిపి ఒకరిని చేయనూ కూడదు.

సాఫ్ట్‌వేరును చాలా చిన్న సర్వీసులుగా విడదీసి కట్టే మైక్రోసర్వీసులు వచ్చాక ఈ గొడవ తీరిందని కొందరు మిత్రులు అంటారు. నేను ఒప్పుకోలేను. ఇరవై సర్వీసులున్నప్పుడు అర్థం తేలని చోట, రెండు వందలైతే తేలుతుందనుకోవడానికి ఆధారం లేదు.

మురుగు సంగతి కూడా చెప్పాలి. 2011లో కోనసీమ రైతులు ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలీల ఖర్చుతోపాటు పూడిపోయిన మురుగు కాలువల మాట కూడా వినిపించింది. చేనులోకి నీరు ఎలా రావాలో అన్నంత శ్రద్ధగా, వచ్చిన నీరు ఎలా పోవాలో చూడకపోతే పంట మునుగుతుంది. సర్వీసుల విషయంలో కొత్తది కట్టడానికి ప్రణాళిక ఉంటుంది, పాతదాన్ని తీసేయడానికి ఉండదు. ప్రతి సర్వీసు పక్కనా అది ఎప్పుడు ఆగిపోవాలి, దాన్ని ఇంకా ఎవరు వాడుతున్నారు అన్న వరుసలు సంస్థ పటంలో ఉండి తీరాలి. లేకపోతే గుర్రపుడెక్క అల్లుకున్న డ్రెయిన్ మాదిరిగా పాత సర్వీసులు అన్నిటికీ అడ్డుపడతాయి.

మేము చివరకు ఆ రైతు సర్వీసును మూడుగా విడదీశాము. ఖాతాదారు సర్వీసు మేత విభాగానిది, సాగుదారు సర్వీసు కొనుగోలు విభాగానిది. చెరువు సర్వీసును మొదట ల్యాబు తీసుకుంటుందనుకున్నాము, కానీ ఎగుమతి పెట్టె మీద ఉన్న కోడునుంచి వెనక్కి వెళ్తే ఏ చెరువు రొయ్యో తేలాలని విదేశీ కొనుగోలుదార్లు అడుగుతారు కాబట్టి, ఆ నంబరు తప్పయితే మొదట దెబ్బ తినేది కొనుగోలే అని తేలి, చెరువు కూడా వారికే వెళ్లింది. ఏ చెరువును ఏ పంటకు ఎవరు సాగు చేస్తున్నారన్నది తేదీలతో సహా విడిగా నమోదవుతుంది. బాకీ సర్దుబాటు ఇప్పుడు సాగుదారు సంతకం లేకుండా జరగదు. పాత సర్వీసును ఆపడానికి మాత్రం మరో ఏడు నెలలు ఆగవలసి వచ్చింది. అందరూ కొత్తవాటికి మారారని నిర్ధారించుకుని ఆపిన మర్నాడే కోల్డ్ స్టోరేజీనుంచి ఫోను వచ్చింది. నెలాఖరు రిపోర్టు కోసం అక్కడి ఉద్యోగి ఒకరు ఎప్పుడో రాసుకున్న ఎక్సెల్ ఫైలు ఇంకా దాన్నే పిలుస్తోంది. సర్వీసుకు వచ్చే పిలుపులు నమోదయ్యే మా లాగ్ ఫైలులో నెలకు ఒక్క పిలుపు మాత్రమే కనిపించడం వల్ల దాన్ని మేము లెక్కలోకి తీసుకోలేదు. మళ్లీ తెరిచి, ఆయన పక్కన కూర్చుని ఫైలును మార్చి, ఆ తరువాత మూసివేశాము.

ఇటీవల ఆ సూపర్‌వైజరు ఫోను చేసి ఒక కొత్త చిక్కు చెప్పారు. ఒక రైతు మధ్య గట్టు తీసేసి రెండు చెరువులను ఒకటిగా చేశాడట. పాత నంబర్లలో ఏది ఉంచాలి, ల్యాబు ఇచ్చిన పాత పరీక్షల ఫలితాలు దేనికి చెందాలి అన్నది ప్రశ్న. నేను జవాబు చెప్పబోయి ఆగాను. ఆ నిర్ణయం ఎవరిదో పటంలో రాసి ఉంది, అక్కడ ఉన్నది ఆయన విభాగం పేరే. ఆయన కూడా దాన్ని చూసే ఫోను చేశారు. తాము తేల్చిన పద్ధతిని చదివి వినిపించి, దానివల్ల సర్వీసు ఒప్పందంలో ఏం మారుతుందో మాత్రం నన్ను అడిగారు.