జయపురంలో చిన్న విమానం, జపాన్‌లో వైఎస్-11

ఒడిశాలోని మా జయపురం ఎయిర్‌స్ట్రిప్‌లో తొమ్మిది సీట్ల సెస్నా దిగినప్పుడు మా మేనల్లుడు "మావయ్యా, ఇది ఫ్యాన్ విమానమా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, చిన్న ఊళ్లకి ఫ్యానే మేలురా అని చెప్పి, వాడికి జపాన్ వాళ్ల ఫ్యాన్ (ప్రొపెల్లర్) విమానం వైఎస్-11 కథ మొదలుపెట్టాను.

రెండో ప్రపంచయుద్ధంలో ఓడాక జపాన్‌ని 1952 దాకా విమానాలే తయారుచేయనివ్వలేదు. ఆ తర్వాత మిత్సుబిషి, కవాసాకి, ఫుజి లాంటి కంపెనీలన్నీ ఒక గొడుగు కిందకి వచ్చి, ఆ యుద్ధంలో జపాన్ వాడిన జీరో ఫైటర్ విమానాన్ని గీసిన జిరో హొరికోషి లాంటి పాతకాపుల్ని కూర్చోబెట్టి, 1200 మీటర్ల రన్‌వే చాలేలా, 60 మందికి పైగా పట్టేలా ఒక విమానాన్ని డిజైన్ చేయించాయి. 1962 ఆగస్టు 30న నగోయాలో మొదటిసారి ఎగిరింది. ఎగిరింది గానీ మాట వినలేదు! కంట్రోళ్లు మొరాయిస్తే, రెక్కల కోణం కాస్త పైకి పెంచి సరిచేశారు. ఇంజన్లు మాత్రం సొంతం కాదు, రోల్స్‌రాయిస్ డార్ట్‌లు, చెవులు చిల్లులు పడే కూత.

1964 టోక్యో ఒలింపిక్స్ జ్యోతిని జపాన్ లోపల మోసిందిదే. అమెరికాలో పీడ్‌మాంట్ అనే ఎయిర్‌లైన్స్ కూడా కొంది. అయినా తయారైనవి 182 మాత్రమే, లెక్క చూస్తే నష్టం. జపాన్‌లో ప్రయాణికులతో చివరిగా ఎగిరింది 2006 సెప్టెంబర్ 30న.

మావాడి తర్వాతి ప్రశ్న, "దాన్లో బాత్రూమ్ ఉంటుందా?"