ప్రాగ్‌లో ఏ గంటకు ఎక్కడ ఉండాలి

చెక్ రాజధాని ప్రాగ్ నడిచి చూసే ఊరు. ముఖ్యమైనవన్నీ వల్తావా నదికి అటూ ఇటూ దగ్గరదగ్గరగానే ఉంటాయి. చిక్కల్లా జనంతోనే. సీజన్‌లో పొద్దెక్కితే చార్లెస్ బ్రిడ్జి మీద భుజాలు రాసుకుంటూ నడవాలి.

కాబట్టి బ్రిడ్జిని తెల్లారగానే చూసేయండి. 1357లో నాలుగో చార్లెస్ చక్రవర్తి కట్టించడం మొదలుపెట్టిన వంతెన ఇది. 516 మీటర్ల పొడవు, 16 కమానులు, రెండు పక్కలా కలిపి 30 విగ్రహాలు. విగ్రహాల్లో చాలావరకు నకళ్లే. వానకీ వరదలకీ ఇసుకరాయి పాడవుతోందని అసలువి తీసి దాచారు. 1683 నాటి నెపోముక్ జాన్ అనే సెయింట్ విగ్రహం కంచుది. దాని దిమ్మె మీది ఫలకం జనం తాకితాకి మెరుగెక్కింది.

కోటకి నది ఒడ్డు నుంచి మెట్లెక్కి వెళ్తే సగం ఓపిక అక్కడే అయిపోతుంది. 22వ నంబరు ట్రాములో పొహోర్జెలెత్స్ స్టాపు దాకా వెళ్లి దిగండి. అక్కడి నుంచి చాలావరకు దిగుడే. చూడటం అయ్యాక తూర్పు గేటు మెట్ల మీదుగా మాలోస్త్రాన్స్కా మెట్రోకి వచ్చేయొచ్చు. ఆవరణలోకి టికెట్ అక్కర్లేదు, లోపలి భవనాలకి మాత్రం కావాలి. ఆ టికెట్ కొన్న రోజూ, మర్నాడూ చెల్లుతుంది గనక అన్నీ ఒకేపూట చుట్టేయాలని పరుగెత్తకండి. 1344లో మొదలై 1929లో గానీ పూర్తికాని సెయింట్ వీటస్ కెథడ్రల్‌లో ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి, సందర్శకులని మధ్యాహ్నం నుంచే రానిస్తారు. పాత రాజభవనంలో 1618లో తిరగబడ్డ ప్రొటెస్టెంట్ ప్రభువులు చక్రవర్తి అధికారులని విసిరేసిన కిటికీ తప్పక చూడండి. వాళ్లు బతికి బయటపడ్డారు గానీ, యూరప్‌లో ముప్పై ఏళ్ల యుద్ధం ఆ గొడవతోనే అంటుకుంది.

ఓల్డ్ టౌన్ హాల్ గడియారం 1410 నాటిది. గంటగంటకీ అస్థిపంజరం తాడు లాగుతుంది, రెండు కిటికీల్లో యేసు శిష్యులైన 12 మంది అపోస్తలుల బొమ్మలు తిరుగుతాయి, చివర కోడిపుంజు కూస్తుంది. అంతా నిమిషంలో సరి. అందరూ తలలెత్తి చూసే ఆ నిమిషమే జేబుదొంగలకి అదను. బ్యాగు ముందుకి వేసుకోండి.

నా మటుకు బొమ్మలకన్నా డయలే చూడదగ్గది. బొమ్మలాట అయ్యాక జనం చెదిరిపోతారు, అప్పుడు తీరిగ్గా చూడొచ్చు. బయటి నల్ల వలయం మీద 1 నుంచి 24 దాకా ఉన్న గోథిక్ అంకెలు పాత బొహీమియా (ఇప్పటి చెక్ దేశం) వాళ్ల కాలమానం. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మారితే, వాళ్లకి రోజు సూర్యాస్తమయంతో మొదలయ్యేది. అస్తమయ వేళ మారుతుంటుంది గనక ఆ వలయం కూడా ఏడాది పొడవునా అటూ ఇటూ జరుగుతుంటుంది. లోపల రాశిచక్రం ఉంది. అందులో సూర్యుడు డిసెంబరు 21, 22 తేదీల్లోనే మకరంలోకి వెళ్తాడు. మన సంక్రాంతి జనవరి మధ్యలో కదా అనిపిస్తుంది. గడియారానిది ఋతువులని బట్టి వేసే సాయన లెక్క, మనది నక్షత్రాలని బట్టి వేసే నిరయనం. ఇప్పుడు రెంటికీ దాదాపు 24 డిగ్రీల తేడా.

యూదుల పేట యోసెఫోవ్‌లో యూదుల మ్యూజియం వాళ్ల సినగాగులూ (యూదుల ప్రార్థనా మందిరాలు) పాత శ్మశానమూ శనివారం మూసేస్తారు. వారాంతానికి వెళ్లేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆదివారానికి పెట్టుకోండి.

డబ్బు కొరునాల్లో. ఏటీఎం గానీ కార్డు మిషన్ గానీ "రూపాయల్లో చూపించమంటారా" అంటే వద్దని కొరునాలే నొక్కండి, లేకపోతే వాళ్ల రేటుకి చేతి చమురు వదులుతుంది. మనీ చేంజర్ దగ్గర రేటు మరీ అన్యాయంగా పడితే రసీదుతో మూడు గంటల్లోపు వెనక్కి వెళ్లండి. 1000 యూరోల విలువ వరకు లావాదేవీని రద్దు చేసుకునే హక్కు చట్టం ఇచ్చింది.

ట్రాముకీ మెట్రోకీ టికెట్ ఒకటే. కాగితం టికెట్ కొంటే చాలదు, ఎక్కగానే పసుపు పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. మెట్రోలో అయితే ప్లాట్‌ఫాంకి వెళ్లే ముందే. ముద్ర లేకపోతే టికెట్ లేనట్టే లెక్క, మామూలు బట్టల్లో తిరిగే తనిఖీవాళ్లు జరిమానా రాస్తారు. ట్రాములోని మిషన్ దగ్గర కార్డు తాకించి తీసుకున్నదానికి మాత్రం ముద్ర అక్కర్లేదు, సమయం అప్పటి నుంచే మొదలవుతుంది.