పాటకి మూడున్నర మైళ్ళు

మా తమ్ముడు అలబామాలో మోంట్‌గోమరీలో ఉంటాడు, మేము కెంటకీలో లూయివిల్‌లో. మధ్యలో ఐ-65 ఒక్కటే రోడ్డు, ఇక్కడ ఎక్కితే అక్కడ దిగడమే, దాదాపు 450 మైళ్ళు, ఆగుతూ వెళ్తే ఎనిమిది గంటలు. రెండు నెలలకోసారైనా వెళ్తాం. మొదట్లో దారంతా మన పాటలే. తర్వాత ఒకసారి ఫోన్ తగిలించే కేబుల్ దారిలోనే చచ్చింది, మాది బ్లూటూత్ లేని పాత కారు, ఎఫ్ఎమ్ పెడితే ప్రతి ముప్పై మైళ్ళకీ స్టేషన్ పోయి ఇంకోటి వెతకాలి, విసుగొచ్చి ఏఎమ్ బటన్ నొక్కా. 650 దగ్గర ఒక ముసలి గొంతు ఏదో కథ చెబుతున్నట్టు పాడుతోంది, వెనకాల ఏదో వాయిద్యం సన్నగా జారుతూ ఏడుస్తోంది. మా ఆవిడ అప్పటికి నిద్రలో ఉంది కాబట్టి సరిపోయింది.

అది డబ్ల్యూఎస్ఎమ్, టెన్నెసీలోని నాష్‌విల్ స్టేషన్, వేసేది కంట్రీ పాటలు, అంటే ఇక్కడి పల్లెటూళ్ళ పాటలు. అప్పట్నుంచి ఈ రోడ్డు మీద నాకు అదే.

తర్వాత తెలిసింది దాని సంగతి. 1925లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టిన స్టేషనట, ఆ డబ్ల్యూఎస్ఎమ్ అంటే కూడా "వీ షీల్డ్ మిలియన్స్", అంటే లక్షలమందికి మేమే రక్ష అని వాళ్ళ ఇన్సూరెన్స్ స్లోగనే (మనవాళ్ళ ఏజెంట్లు వింటే మురిసిపోతారు). అదే ఏడాది నవంబర్ 28న ఒక ముసలాయన ఫిడేలుతో మొదలైన శనివారం రాత్రి ప్రోగ్రామే గ్రాండ్ ఓల్ ఓప్రీ, ఇప్పటికీ నడుస్తోంది. 50,000 వాట్ల స్టేషన్, పైగా ఏఎమ్ కదా, చీకటి పడ్డాక ఆ తరంగాలు ఆకాశంలో పైన అయనావరణం అనే పొరకి తగిలి కిందకి తిరిగొస్తాయి, అందుకే పగలు వినపడని ఊళ్ళలో కూడా రాత్రి పూట ఖంగున పలుకుతుంది, మళ్ళీ ఉన్నట్టుండి నీళ్ళలో మునిగినట్టు మసకబారి తేలుతుంది. నాష్‌విల్ దాటాక బ్రెంట్‌వుడ్ దగ్గర ఆ టవర్ రోడ్డు మీంచే కనిపిస్తుంది, 1932 నాటిది, కింద సన్నగా మొదలై నడుమున లావై మళ్ళీ పైకి సన్నబడుతుంది, కదురులాగా. దాని పక్కనుంచి వెళ్తుంటే, పాట కారులోకి ఇక్కడినుంచే వస్తోందా అని చూపు అటే పోతుంది నాకు.

ఇక అసలు విషయం. ఈ పాటలు ఇంట్లో పెడితే నాకు ఎక్కవు. నిజంగా. ఆదివారం సోఫాలో కూర్చుని పెట్టుకున్నా, రెండో పాటకే ఆపేశా. ఎందుకా అని చాలాసార్లు ఆలోచించా, ఈ రోడ్డు మీద ఆలోచించడం తప్ప వేరే పనేముంది.

ఒకటి, నిడివి. పాత కంట్రీ పాట మూడు నిమిషాలు, అంతకన్నా తక్కువే కొన్ని. పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డులో పది అంగుళాల ప్లేటు ఒక వైపు పట్టేదే అంత కాబట్టి ఆ కొలతకి అలవాటు పడిపోయారు. ఈ దారిలో మూడు స్టేట్లలోనూ ఊళ్ళ బయట స్పీడ్ లిమిట్ 70, అంటే పాటకి మూడున్నర మైళ్ళు. పాట మొదలైనప్పుడు పక్కన మైలు రాయి నంబరు చూసుకోండి, అయిపోయేసరికి మూడు రాళ్ళు దాటి నాలుగోదానికి సగం దూరంలో ఉంటారు. "ఇంకా ఎంత దూరం" అని మా ఆవిడ అడిగితే "పది పాటలు" అంటున్నా ఇప్పుడు, మొదట్లో తిట్టేది, ఇప్పుడు తనే లెక్కేసుకుంటోంది, యాడ్లు కలిపి.

రెండోది ఆ నడక. డబడబా కొట్టేది ఉండదు. ఓప్రీ స్టేజి మీదికి చాలా ఏళ్ళు డ్రమ్స్‌నే రానివ్వలేదు, అప్పట్లో కంట్రీ పాటల్లోనే డ్రమ్స్ అరుదు, అందుకని జానీ క్యాష్ అనే గాయకుడు తన గిటారు తీగల మధ్య కాగితం ముక్క దూర్చి వాయించేవాడు, దాంతో తీగ మోగకుండా చక్ చక్ మని డ్రమ్ములాగా కొడుతుంది, రైలు పట్టాల మీద వెళ్తున్నట్టే ఉంటుంది. అదే 1950ల్లో రే ప్రైస్ అనే గాయకుడు వచ్చి బేస్‌ని అడుగు తీసి అడుగు వేసినట్టు నడిపించాడు, దానికి షఫుల్ అని పేరు. ఆ నడకకి కాలు యాక్సిలరేటర్ మీద ఒకే చోట ఉండిపోతుంది, తొందర పుట్టదు, నిద్రా రాదు. కొత్త కంట్రీ అని ఎఫ్ఎమ్‌లో వేస్తారే, ఆ బీట్లు పెట్టి అరిచేవి, అవి వింటూ నేను రెండుసార్లు 85కి వెళ్ళిపోయా, ఒకసారి టికెట్ కూడా పడింది. తప్పు నాదే అనుకోండి, అయినా పాట మీద కోపం పోలేదు.

మూడోది ఆ ఏడ్చే వాయిద్యం. దాని పేరు పెడల్ స్టీల్. రేడియోలో చాన్నాళ్ళు విన్నా అదేంటో నాకు తెలీదు, వయొలిన్ అనుకున్నా. ఒక శనివారం నాష్‌విల్‌లో ఆగి ఓప్రీకి టికెట్లు కొనుక్కుని వెళ్ళాం, నా కళ్ళు పాడేవాడి మీద లేవు, పక్కన బల్లలాంటి దాని ముందు కూర్చున్న ఆయన మీదే ఉన్నాయి. పది తీగలు, పడుకోబెట్టిన గిటారు, కానీ గిటారులా చేత్తో తీగ నొక్కడు. ఎడమ చేతిలో గుండ్రటి ఇనప కడ్డీ తీగల మీద జారుతోంది, కుడి చేతి వేళ్ళకి గోళ్ళలాంటి తొడుగులు, ఎడమ కాలు కింద పెడల్స్ నొక్కుతోంది, మోకాళ్ళు రెండూ పక్కలకి కదులుతూ ఏవో మీటలు నెడుతున్నాయి, కుడి పాదం ఇంకో పెడల్ మీద ఊగుతోంది. ఆ కుడి పాదంలోనే ఉంది కిటుకు. తీగ మీటిన క్షణంలో సౌండ్ తగ్గించి ఉంచి, మెల్లగా పెంచుతాడు, అందుకే మీటిన శబ్దం వినపడదు, ఏడుపు ఎక్కడినుంచో పుట్టుకొచ్చినట్టు ఉంటుంది. మన సంగీతంలో జారు అంటామే, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా పోవడం, అదే ఇది, కాకపోతే రెండు మూడు తీగలు కలిసి జారతాయి, ఒకటి కదలకుండా నిలబడితే పక్కది వంగుతుంది. నాలుగు అవయవాలతో మనిషి కారు నడుపుతున్నట్టే కూర్చున్నాడు, ముఖంలో మాత్రం ఏమీ లేదు, బస్సు కోసం చూస్తున్నవాడిలా ఉన్నాడు. పడుకోబెట్టి కడ్డీతో వాయించే పద్ధతి హవాయి దీవుల నుంచి వచ్చిందట, తర్వాత దానికి పెడల్స్ తగిలించుకుని వీళ్ళు తమ ఏడుపుకి తగ్గట్టు మార్చుకున్నారు.

ఏడుపు అంటే గుర్తొచ్చింది, మా ఆవిడ కంప్లైంట్ అదే. "ఏంటండీ పొద్దున్నే, ఒకడు తాగాడు, ఒకడి పెళ్ళాం పోయింది, ఒకడు జైల్లో ఉన్నాడు, మనం శుభమా అని మీ తమ్ముడింటికి పోతుంటే." తనన్నది అబద్ధం కాదు. జైలు సంగతి కూడా ఊరికే కల్పించి పాడిందేం కాదు, మెర్ల్ హాగర్డ్ అనే గాయకుడు కాలిఫోర్నియాలో శాన్ క్వెంటిన్ జైల్లో నిజంగానే ఉండొచ్చాడు, రైలు పెట్టెని ఇల్లుగా మార్చుకున్న చోట పెరిగినవాడాయన, బేకర్స్‌ఫీల్డ్ పక్కన. గాయని లొరెట్టా లిన్ బొగ్గు గని కార్మికుడి కూతురు. వీళ్ళు పాడుతుంటే కష్టం చెప్పుకుంటున్నట్టు ఉండదు, మా పక్కింటాయన ఆఫీసు సంగతి చెప్పినట్టు మామూలుగా చెప్తారు. ముఖం పక్కకి తిప్పి రోడ్డు చూస్తూ వినడానికి అది సరిగ్గా సరిపోతుంది. ఇంట్లో ఎదురుగా కూర్చుని వింటే ఇబ్బందిగా ఉంటుంది, కారులో పక్క సీటువాడు చెప్తే వినేస్తాం.

ఈ దారిలో మోంట్‌గోమరీకి దగ్గరయ్యేకొద్దీ హ్యాంక్ విలియమ్స్ అనే పాతకాలపు కంట్రీ గాయకుడు గుర్తొస్తాడు. ఆయన సమాధి ఆ ఊళ్ళోనే. 1952 డిసెంబర్ 30న మోంట్‌గోమరీ నుంచే బయల్దేరాడు, ఒహాయోలో క్యాంటన్ అనే ఊళ్ళో కొత్త సంవత్సరం రోజు షో, వాతావరణం బాలేక విమానం కుదర్లేదు, ఒక కాలేజీ కుర్రాడు డ్రైవరు, నీలం క్యాడిలాక్ వెనక సీట్లో హ్యాంక్. ఇంటర్‌స్టేట్ హైవేలు వేయించిన 1956 చట్టం రాకముందు సంగతి, ఐ-65 లాంటి రోడ్లు లేవు, కొండ దారులు, చలి. వెస్ట్ వర్జీనియాలో ఓక్ హిల్ దగ్గర ఆ కుర్రాడు బండి ఆపి వెనక్కి తిరిగి చూసేసరికి మనిషి ప్రాణాలతో లేడు. 29 ఏళ్ళు. ఆ కారు మోంట్‌గోమరీ మ్యూజియంలో పెట్టారంటే తమ్ముడితో వెళ్ళి చూశా. వెనక సీటు నేను ఊహించుకున్నదానికన్నా చిన్నది, అంత పొడుగు మనిషి కాళ్ళు ఎక్కడ పెట్టుకున్నాడో అనిపించింది. తమ్ముడు మాత్రం "అన్నయ్యా, మైలేజీ ఎంతిచ్చేదో" అన్నాడు.

మొన్న ట్రిప్పులో సాయంత్రం ఆలస్యంగా బయల్దేరాం. హార్ట్ కౌంటీలోకి రాగానే టైమ్ జోన్ మారి గంట వెనక్కి పోయింది, ఊరికే ఒక గంట కలిసొచ్చినట్టు మా ఆవిడ ఎప్పటిలాగే సంబరపడింది. బర్మింగ్‌హామ్ వచ్చేసరికి బాగా రాత్రి. రేడియోలో ఎవరో పాడుతున్నారు, పేరు వినలేదు, ఒకడు పికప్ ట్రక్కు కొనుక్కున్నాడు, వాయిదాలు కడుతున్నాడు, ఏళ్ళ తరబడి ఓవర్‌టైమ్ చేశాడు, చివరికి ఆఖరి వాయిదా కట్టి ఇంటికొచ్చేసరికి పెళ్ళాం గుమ్మంలో సూట్‌కేస్ పెట్టుకుని నిలబడింది, నిలబడి అతనితో ఒక మాట అంది. సరిగ్గా అప్పుడే ఫ్లైఓవర్ల కిందకి దూరాం. ఏఎమ్ కదా, వంతెన కిందకి వెళ్తే బుస్సుమంటుంది, ఒకటి అయిపోగానే ఇంకోటి, బయటపడేసరికి స్టీల్ ఒక్కటే జారుతోంది, పాట అయిపోయింది, యాడ్ మొదలైంది.

"ఏమందంటారు?" అంది మా ఆవిడ.

"నీకెందుకు, ఏడుపు పాటలేగా."

"అది కాదు, ట్రక్కు తాళాలు అడిగి ఉంటుంది."

"ట్రక్కు అతని కష్టార్జితం, ఎందుకిస్తాడు?"

"ఓవర్‌టైమ్ అంటూ ఇంట్లో లేకుండా పోయాడుగా అన్నేళ్ళు, ఇవ్వకేం చేస్తాడు. అయినా అతనే బస్ స్టేషన్‌లో దింపి ఉంటాడులెండి, ఈ పాటల్లో మొగుళ్ళందరూ అంతేగా."

మోంట్‌గోమరీకి ఇంకా తొంభై మైళ్ళుంది, పాతిక పాటలు. ఆ పాతికలో ఏదీ సరిగ్గా వినలేదు. తమ్ముడు తలుపు తీసేసరికి మా ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా మొత్తం కథ చెప్పి, "నువ్వు చెప్పు మరిదీ, ఏమని ఉంటుంది?" అని అడుగుతోంది, వాడు నిద్రకళ్ళతో నావైపు చూస్తున్నాడు.