కాగితాలు ముందు, సైట్ తర్వాత: పూతరేకుల వ్యాపారానికి వెబ్‌సైట్ పెట్టుకున్న నా అనుభవం

మొత్తానికి నిన్న మా వెబ్‌సైట్‌లో మొదటి ఆర్డర్ డబ్బు పడింది. బెంగళూరు వాళ్లు, బెల్లం పూతరేకులు రెండు బాక్సులు. "ఎంతవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది" అని మా చుట్టుపక్కల ఆడవాళ్లు చాలామంది అడుగుతున్నారు. అన్నీ గుర్తుండగానే రాసేస్తున్నాను.

మాది ఆత్రేయపురం పక్కనే. అత్తయ్యగారి కాలం నుంచి రేకులు తీస్తున్నాం. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు ఎక్కడెక్కడి వాళ్లో ఫోన్ చేసి అడుగుతున్నారు. వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని, డబ్బు పడిందో లేదో చూసుకుని, అడ్రసులు రాసుకునే తీరిక రేకులు తీసే కుండ ముందు కూర్చున్న మనిషికి ఎక్కడుంటుంది?

సైట్ చేయించడం తేలికే. రాజమండ్రి కుర్రాడు 28,000కి ఒప్పుకుని, చెప్పిన టైముకే ఇచ్చాడు. హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఇదే పనికి 80,000 అడిగింది. ఏ పనికి ఎంతో విడివిడిగా రాసిమ్మంటే మళ్లీ ఫోన్ చెయ్యలేదు. డొమైన్, అంటే సైట్ అడ్రసు పేరు, మాత్రం నా పేరు మీద, నా మెయిల్‌తో, నా కార్డుతో నేనే కొన్నాను. "నేను చూసుకుంటానక్కా" అని కుర్రాడు ఎంత అన్నా ఒప్పుకోలేదు. ఇంటి పట్టా ఎవరి పేరున ఉంటే ఇల్లు వాళ్లదే. ఫొటోలకి రావులపాలెంలో పెళ్లిళ్లు తీసే ఆయనకి 6,000 ఇచ్చాం. అరిటాకు మీద పెట్టి తీస్తేగానీ రేకు పొర కనబడలేదు.

అసలు నరకం పేమెంట్ గేట్‌వే దగ్గర మొదలైంది. సైట్‌లో కార్డుతో, యూపీఐతో కట్టిన డబ్బుని మన ఖాతాకి చేర్చే కంపెనీ అది, ముందు మన కాగితాలు చూస్తుంది. పాన్ నా పేరు. వ్యాపారానికి పెట్టుకున్నది అత్తయ్యగారి పేరు. ఉన్నది నా సేవింగ్స్ ఖాతా. వ్యాపారం పేరు మీద కరెంట్ ఖాతా తెమ్మని తిప్పి పంపారు.

బ్యాంకుకి వెళ్లాను. అక్కడి ఆఫీసరు కాగితాలు ముట్టుకోకుండానే "మీ ఆయన ఏం చేస్తారమ్మా?" అన్నాడు. కువైట్‌లో ఉంటారండీ అన్నాను. "అయితే ఆయన వచ్చాక ఇద్దరూ కలిసి రండి, చూద్దాం" అని అటు తిరిగిపోయాడు. నా వెనక మా ఊరివాళ్లు నిలబడి ఉన్నారు. నా దగ్గర రేకులు తీసే అమ్మాయి వాళ్ల అమ్మ కూడా ఉంది. ప్రతి శనివారం వాళ్లందరికీ కూలి లెక్కపెట్టి ఇచ్చేది నేను. అలాంటిది వాళ్ల ముందే, మొగుడి చెయ్యి పట్టుకుని వస్తే తప్ప ఖాతా తెరవనని నాకు చెప్తారా? ఇంకోసారి వెళ్లి, చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ చూపిస్తే "ఇది నెట్ సెంటర్‌లో ఎవడైనా తీస్తాడు" అన్నాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఈలోపు సంక్రాంతి వెళ్లిపోయింది. మాకు ఏడాదిలో పెద్ద గిరాకీ అప్పుడే. సైట్ తయారై కూర్చుంది, సైట్‌ని నెట్‌లో ఉంచడానికి కట్టిన హోస్టింగ్ గడువు కరిగిపోతోంది, డబ్బు తీసుకునే దారి లేదు.

చివరికి మా ఆడిటర్ గారు చెప్పారు. ఒక్కరి పేరున నడిచే వ్యాపారానికి ఖాతా తెరవాలంటే, మన సొంత గుర్తింపు కాగితాలతో పాటు వ్యాపారం ఉందని చూపించే రుజువులు రెండు కావాలట. భర్త సంతకం ఎక్కడా అక్కర్లేదట. ఉద్యమ్ ఒకటి ఉంది. అవతలి రాష్ట్రాలకి సరుకు అమ్మాలంటే అమ్మకం ఎంత తక్కువైనా జీఎస్టీ నంబరు ఎలాగూ తీసుకోవాలి, అది రెండోది. రెండూ జతచేసి దరఖాస్తు రాశాను. "ఖాతా ఇవ్వకపోతే కారణం రాసివ్వండి, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పంపుకుంటాను" అని, బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆ అధికారి పేరు చెప్పి, కింద రాసి, నా కాపీ మీద స్టాంపు వెయ్యమన్నాను. మేనేజరు లోపలికి పిలిచి కుర్చీ వేయించారు. ఆ వారంలోనే ఖాతా వచ్చింది. నోటితో ఎంత అడిగినా కదలని పని రాతతో కదిలింది.

అమ్మాయిలూ, చేసేది మీరైతే పాన్, లైసెన్సు, ఖాతా అన్నీ మీ పేరునే పెట్టుకోండి. మా వైపు సగం వ్యాపారాలు ఆడవాళ్ల రెక్కల మీద నడుస్తూ మగవాళ్ల పేర్ల మీద ఉన్నాయి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం రూపాయి కూడా తీసుకోదు. మా పక్కింటావిడ దగ్గర నెట్ సెంటరువాడు 1,500 గుంజాడు, అదేం ధర్మం? కరెంట్ ఖాతాలో కనీస నిల్వ మాకు 10,000 పెట్టమన్నారు. అది వాడుకోలేని డబ్బు కాబట్టి మొదటి రోజే లెక్కలో వేసుకోండి. సైట్ కుర్రాడికి అడ్వాన్సు ఇచ్చేది ఖాతా చేతికి వచ్చాకే.

గేట్‌వే వాళ్లు ఆర్డర్‌కి 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ తీసుకుంటారు. అంటే 1,000 రూపాయల ఆర్డర్‌కి 23.60 పోతుంది. రిఫండ్ నియమాల పేజీ కూడా ఉండాలన్నారు. విరిగిన రేకులకి డబ్బు వెనక్కివ్వాలా, సరుకు మళ్లీ పంపాలా అని అత్తయ్యగారూ నేనూ చాలాసేపు వాదించుకున్నాం. బాక్సు అందిన రోజే ఫొటో పంపితే మళ్లీ పంపుతాం అని పెట్టాం.

కొరియర్ సంగతి ఏ వెబ్‌సైట్ కుర్రాడూ చెప్పడు. తేలికగా ఉండి చోటు ఎక్కువ పట్టే సరుకుకి తూకం చూడరు, బాక్సు కొలతలు చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. 30, 25, 16 సెంటీమీటర్ల మా బాక్సు కిలో ఉంటుంది, ఛార్జీ 2.4 కిలోలకి పడుతుంది. అందుకే కిలోకింత అని కుర్రాడు సైట్‌లో పెట్టిన రేటు తీయించి, బాక్సుకింత అని పెట్టించాను.

కుర్రాడు నెలకి 2,000 మెయింటెనెన్స్ అడిగాడు. పని ఉన్నప్పుడు పనికింత ఇస్తానన్నాను, ఒప్పుకున్నాడు. డొమైన్, హోస్టింగ్ రెండో ఏడు మొదటి ఏడాది రేటుకి రావు, దానికి నెలకి 800 పక్కన పెడుతున్నాను. కువైట్ నుంచి మా ఆయన స్నేహితులు కూడా అడుగుతున్నారు. విదేశాలకి పంపే ఖర్చు తేలేదాకా ఆ ఆర్డర్లు తీసుకోను.