మీకేమండీ, అమ్మగారున్నారు

చిన్నోడు నిద్రపోయాడు, ఈయన ఎప్పటిలాగే లాప్‌టాప్ ముందున్నారు, నాకు మాత్రం మధ్యాహ్నం మీటింగులో విన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. మా టీములోని ఖాళీకి చివరిదాకా మిగిలిన ఇద్దరిలో ఒకమ్మాయికి ఈమధ్యే పెళ్ళయిందని తెలియగానే మా మేనేజరు ఆమె రెజ్యూమేను పక్కకు జరిపి, “ఏడాది తిరిగేసరికి ఆరు నెలలు సెలవంటుంది, ఆ జీతమూ మనమే ఇవ్వాలి” అన్నారు. నాకూ పెళ్ళయింది, పిల్లాడున్నాడు, పని ఎక్కడైనా ఆగిందా అని అడిగితే, “మీకేమండీ, అమ్మగారున్నారు” అన్నారు. అందరూ నవ్వారు.

ఆయన లెక్కను తప్పని కొట్టిపారేయలేకపోవడమే నన్ను ఎక్కువ చికాకు పెడుతోంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి 12 వారాల సెలవును 26 వారాలకు పెంచినప్పుడు సంతోషించిన వాళ్ళలో నేనూ ఉన్నాను. నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో ఈఎస్‌ఐ అనే ఉద్యోగుల బీమా పథకం పరిధిలో ఉన్న ఉద్యోగినికి ఆ సెలవు డబ్బు ఈఎస్‌ఐ నిధి నుంచి వస్తుంది, అంతకు మించి జీతమున్న వాళ్ళకు మాత్రం మొత్తం కంపెనీయే చెల్లించాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒడంబడిక ఈ భారాన్ని ఒక్కొక్క యజమాని మీద విడిగా వేయకుండా సామాజిక బీమా ద్వారా గాని ప్రభుత్వ నిధుల ద్వారా గాని మోయాలని చెబుతుంది. ఆడా మగా అందరి జీతాల నుంచీ కొంత తీసి అలాంటి నిధిని ఇక్కడ అందరికీ ఏర్పాటు చేసి ఉంటే, మెడలోని తాళిని చూసి ఖర్చు లెక్క కట్టే అవకాశం మా మేనేజరుకు ఉండేది కాదు.

ఇంతవరకు రాశాక నా వాదన నాకే చాలలేదు. జీతం ఎవరిచ్చినా ఆరు నెలలు ఖాళీగా కనిపించేది ఆమె కుర్చీయే, ఆ రెండో అభ్యర్థి కుర్చీ కాదు. ప్రైవేటు ఉద్యోగంలో తండ్రికి సెలవివ్వాలని ఏ చట్టమూ చెప్పదు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికైతే 15 రోజులుంది. అదే కేంద్ర ప్రభుత్వంలో తల్లికి సర్వీసు మొత్తంలో 730 రోజుల పిల్లల సంరక్షణ సెలవుంది, మగవాడికి అది దక్కాలంటే భార్య లేని ఒంటరి తండ్రి అయి ఉండాలి. భార్య బతికుండగా పిల్లాడికి జ్వరమొస్తే తండ్రికేం పని అని నిబంధనే అడుగుతున్నట్టుంది. 2024 సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు సగటున రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. ఆ 88 కూడా ఆ పనిలో చేయి పెట్టిన మగవాళ్ళ సగటే, అసలు పెట్టని వాళ్ళు ఆ లెక్కలోకే రారు.

సెలవు సంగతి వదిలేసి, తల్లి పనిచేసే వేళలో బిడ్డను చూసుకునే క్రెష్ గురించి పోట్లాడటమే మేలేమో అని కూడా అనిపించింది. 50 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చని నియమం తెచ్చింది ఆ 2017 సవరణే. మా కంపెనీ ఎక్కడో కొండాపూర్‌లో ఒక డేకేర్‌తో ఒప్పందం రాసుకుని చేతులు దులుపుకుంది. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో నాలుగుసార్లు వెళ్ళివచ్చే తల్లికి ఇక ఉద్యోగం చేసే పని ఉండదు.

క్రెష్ అంటే నాకు గుర్తొచ్చేది చిలకలూరిపేటలో అమ్మ పనిచేసిన పొగాకు గ్రేడింగ్ షెడ్డు. 30 మందికి మించి ఆడకూలీలుంటే ఆరేళ్ళలోపు పిల్లలకు ఒక గది ఉండాలని అప్పటి ఫ్యాక్టరీల చట్టం చెప్పేది కనుక అక్కడా ఒక గది ఉండేది, తలుపు మీద శిశు సంరక్షణ కేంద్రమని రాసీ ఉండేది, లోపల మాత్రం గోనె సంచులుండేవి. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే ఆ సంచులు బయటికి వచ్చేవి, చాపలు పరిచేవారు, షెడ్డు చుట్టూ ఆడుకునే మమ్మల్నందరినీ ముఖాలు కడిగి వరసగా కూర్చోబెట్టి తలా రెండు బిస్కెట్లు ఇచ్చేవారు. ఆయన వెళ్ళాక సంచులు లోపలికి, మేము బయటికి. మిగిలిన రోజుల్లో పొగాకు ఘాటుకు నేను దగ్గుతుంటే నన్ను చంకనేసుకుని షెడ్డు వెనక చింతచెట్టు కిందికి తీసుకుపోయేది అక్క. అక్క బడి మానింది అందుకే. ఇంట్లో ఎవరూ దాన్ని పెద్ద నిర్ణయంగా చెప్పుకోలేదు, తమ్ముణ్ణి, నన్ను చూసుకునేవాళ్ళు కావాలి, అక్క పెద్దది, అంతే. నా డిగ్రీకి, ఈ జీతానికి అసలు ఖర్చు భరించింది ఆమె. “అమ్మగారున్నారు” అన్న మేనేజరుకు అక్క సంగతి తెలియదు, చెప్పి ఉండాల్సింది.

అక్క ఇప్పుడు అంగన్‌వాడీలో ఆయా. 1975 అక్టోబరు 2న మొదలైన ఆ పథకం ఆహారం, ఆరోగ్యం, పూర్వ ప్రాథమిక విద్య కోసం పుట్టింది, తల్లి పనివేళలను చూసి కాదు. మామూలు అంగన్‌వాడీలో మూడేళ్ళలోపు పిల్లలను పగలంతా ఉంచుకోరు. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 42 రోజుల సమ్మెకు దిగేనాటికి ఆయాలకు నెలకు 7,000 రూపాయలు వచ్చేవి. జనవరిలో ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, ప్రయోగించింది. పని అత్యవసర సేవ, చేసేవాళ్ళు మాత్రం గౌరవ వేతనం పుచ్చుకునే స్వచ్ఛంద సేవకులు. వాళ్ళకు గ్రాట్యుటీ హక్కుందని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. పిల్లలను చూసే పనికి సరైన జీతమివ్వకుండా ఎన్ని క్రెష్‌లు తెరిచినా, నాలాంటి వాళ్ళం ఉద్యోగాల్లో నిలబడటానికి అక్కలాంటి వాళ్ళు తక్కువకు పనిచేస్తూనే ఉండాలి.

వచ్చే నెల అక్క కూతురికి పురుడు. అంగన్‌వాడీ వదిలి రావడం కుదరదు కాబట్టి అమ్మను పంపమని అక్క అడిగింది. ఆ రోజుల్లో చిన్నోడి సంగతి ఏమిటని ఇందాక ఈయనను అడిగితే మేనేజరు సెలవు ఒప్పుకోడన్నారు. అడిగారా అంటే ఇంకా అడగలేదట. ఈ రాత్రికే మెయిల్ పెట్టమన్నాను, కారణం ఊరికే సొంత పని అని కాకుండా పిల్లాణ్ణి చూసుకోవడానికి అని స్పష్టంగా రాయమన్నాను. ఇంకా రాస్తూనే ఉన్నారు.