అమ్మ రూపాయి, కార్సన్ సిటీ డాలరు

ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో క్యాష్ కౌంటర్ వెనక కూర్చున్నవాణ్ని. రూపాయి తీసుకుని రూపాయే ఇచ్చాను. అలాంటివాడికి, కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉన్న కొడుకు ఒక డాలరు బిళ్లని మూడొందల డాలర్లు పెట్టి కొన్నాడని తెలిస్తే ఎలా ఉంటుంది? "దాని మీద వన్ డాలర్ అనే కదరా ఉంది?" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు.

అసలు గొడవ మొదలైంది నా వల్లే. వచ్చేటప్పుడు మా అమ్మ దాచిన వెండి రూపాయి ఒకటి వాడికోసం తెచ్చాను. ఐదో జార్జి బొమ్మ, 1918 సంవత్సరం. ఏటా శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి కలశంలో పడి, మళ్లీ బీరువా ఎక్కే రూపాయి. నల్లబడింది కదా, కొత్తదానిలా చేసి ఇద్దామని బయల్దేరే ముందు రోజు విబూది పెట్టి, అదీ చాలక పళ్లపొడి పెట్టి తళతళలాడేలా తోమాను. చేతిలో పెట్టగానే వాడి మొహం మాడిపోయింది.

"ఎవరు తోమమన్నారు నాన్నా?"

వందేళ్లుగా పట్టిన నలుపు పోయిందట. నాణేలు సేకరించేవాళ్ల లెక్కలో తోమిన నాణెం అంటే దెబ్బతిన్న నాణెమేనట. పండగ ముందు వెండి కుందులు తోమకపోతే ఇల్లు ఇల్లే కాదనుకునే ఇంట్లో పుట్టినవాడు ఈ మాట అంటాడా అని నాకు కాస్త కష్టంగానే అనిపించింది. అది గమనించాడేమో, "శుక్రవారం సెలవు పెడతా, కార్సన్ సిటీ వెళ్దాం. తోమితే ఏం పోతుందో అక్కడ చూపిస్తా" అన్నాడు.

తెల్లారకుండానే బయల్దేరాం. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర శాక్రమెంటో దాటేసరికి సగం అయిపోయింది. 50వ నంబరు రోడ్డు ఎక్కాక దేవదారు చెట్లు మొదలై, ఎకో సమ్మిట్ దగ్గర ఏడు వేల అడుగుల ఎత్తు దాటింది. ఆ తర్వాత తాహో సరస్సు. ఆ నీలం గురించి చాలామంది రాశారు, నేను మళ్లీ రాయను. కొండ అవతలి వైపు దిగుతుంటే చెట్లు ఒక్కసారిగా పలచబడ్డాయి. బూడిద రంగు పొదలు, రాళ్లు, పొడి గాలి. అనంతపురం జిల్లాలో పనిచేసిన మూడేళ్లూ గుర్తొచ్చాయి.

కార్సన్ సిటీ నెవాడా రాష్ట్రానికి రాజధాని. రాజధాని అంటే మన తాలూకా కేంద్రం అంత హడావిడి కూడా లేదు. మెయిన్ రోడ్డు మీదే పాత టంకశాల ఉంది. ఇసుకరాయి కట్టడం. ఆ రాయి అక్కడి జైలు క్వారీలోదట. డబ్బు అచ్చువేసే ఇంటికి దొంగల చేత రాళ్లు కొట్టించారన్నమాట అనుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

ఈ ఊళ్లో టంకశాల ఎందుకంటే, పక్క కొండల్లో 1859లో కామ్‌స్టాక్ వెండి గని బయటపడింది. ఆ వెండిని సియెర్రా పర్వతాలు దాటించి శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలకు చేర్చాలంటే ఖర్చు, పైగా దారిదోపిడీల భయం. 1863లో అనుమతి వచ్చింది, 1870లో మొదటి నాణెం పడింది. 1885లో పని ఆగిపోయి, 1889లో మళ్లీ మొదలై, 1893తో నాణేల ముద్రణ శాశ్వతంగా ముగిసింది. ఇక్కడ వేసిన ప్రతి నాణెం మీదా 'సిసి' అని రెండక్షరాలుంటాయి. అమెరికా టంకశాలల్లో రెండక్షరాల గుర్తు దీనికొక్కదానికే. ఇప్పుడది నెవాడా రాష్ట్ర మ్యూజియం.

లోపల అడుగుపెట్టగానే నా కాళ్లు ఆగిపోయింది ఒక యంత్రం దగ్గర. కాయిన్ ప్రెస్ నంబర్ వన్. ఫిలడెల్ఫియాలో తయారై, 1870 ఫిబ్రవరిలో ఈ టంకశాల మొదటి డాలర్లు కొట్టింది ఇదే. ఆరు టన్నుల నల్లటి ఇనుప కమాను, పక్కన పెద్ద చక్రం. 1960ల్లో అమెరికాలో చిల్లర కరువొస్తే, మ్యూజియంలో ఉన్న దీన్ని డెన్వర్ టంకశాల అరువు తీసుకెళ్లి మళ్లీ పనిలో పెట్టిందట. రిటైరైన ఉద్యోగిని పిలిచి కౌంటర్‌లో కూర్చోబెట్టడం అక్కడా ఉందన్నమాట. నాకు దాని మీద అభిమానం పుట్టింది.

అదృష్టం బాగుండి ఆరోజు దాన్ని నడుపుతున్నారు. నాణేలు కావు, జ్ఞాపికగా కొనుక్కునే వెండి బిళ్లలు. నునుపు బిళ్ల ఒకటి కొనిస్తే మన కళ్లముందే ముద్ర కొట్టి ఇస్తారు. చక్రం తిరిగింది, పై అచ్చు దిగింది, నేల కొద్దిగా అదిరింది. బిళ్ల బయటపడింది. మావాడు దాన్ని అంచులు పట్టుకుని దీపం కింద అటూ ఇటూ వంచాడు. బిళ్ల మీద వెలుగు రెండు పాయలై, బండిచక్రం ఆకుల్లా గిర్రున తిరిగింది.

"చూశావా? అచ్చు పడ్డప్పుడు వెండి మధ్యలోంచి అంచులకి పాకుతుంది. ఆ పాకిన చోటల్లా కంటికి కనపడనంత సన్నటి గీతలు పడతాయి. ఈ మెరుపు వాటిదే. పళ్లపొడితో రుద్దితే ఆ గీతలు అరిగిపోతాయి. తర్వాత ఎంత మెరిసినా అది స్టీలు గ్లాసు మెరుపే."

నేనేం మాట్లాడలేదు. ముప్పై నాలుగేళ్లలో ఎన్ని లక్షల నాణేలు లెక్కపెట్టానో తెలియదు. ఒక్కదాన్నీ ఇలా దీపం కింద వంచి చూడలేదు.

పక్క గదిలో కార్సన్ సిటీ నాణేలు అద్దాల వెనక వరసగా ఉన్నాయి. ముందుగా పాత డాలర్లు. బండ మీద కూర్చున్న స్వేచ్ఛాదేవి, చేతిలో డాలు. బాగానే ఉంది కానీ, ఆవిడ ఏదో ఆఫీసులో తన వంతు కోసం ఎదురుచూస్తున్నట్టు అనిపించింది నాకు. తర్వాతివి మోర్గన్ డాలర్లు. 1878లో మొదలయ్యాయి. చెక్కినవాడు ఇంగ్లండ్ నుంచి వచ్చిన జార్జ్ మోర్గన్. దేవత మొహం కోసం గ్రీకు బొమ్మల్ని చూసి గీయకుండా, అన్నా విలియమ్స్ అనే ఫిలడెల్ఫియా టీచరమ్మను కూర్చోబెట్టుకున్నాడు. ఆ తేడా తెలుస్తుంది. బరువైన చుబుకం, నిక్కచ్చిగా చూసే కన్ను. మాకు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మేడమ్ అచ్చం ఇలాగే చూసేవారు.

అన్నిటికన్నా నన్ను పట్టేసింది ఆవిడ జుట్టు. పాయపాయా విడిగా తెలుస్తుంది. అందులో గోధుమ కంకులు, పత్తికాయలు తురిమి ఉన్నాయి. గుంటూరువాణ్ని, పత్తికాయ చూస్తే గుర్తుపట్టనా! అద్దానికి ముక్కు ఆనించి మరీ చూశాను. మెడ తెగిన చోట మోర్గన్ తన ఇంటిపేరులో మొదటి అక్షరం చిన్నగా చెక్కుకున్నాడు. బొరుసు వైపు గద్ద. మొదట దాని తోకకి ఎనిమిది ఈకలు పెట్టి, అదే ఏడాది ఏడుకి తగ్గించారు. ఆ ఒక్క ఈక కోసం ఇప్పటికీ 1878 డాలర్లను భూతద్దం పెట్టి వెతుకుతారట. డాలరు 26.73 గ్రాములు, పదోవంతు రాగి పోను మిగతాదంతా వెండి.

మావాడి బిళ్ల కథ అప్పుడు బయటికొచ్చింది. అది 1884 నాటిది. ఆ ఏడు ఇక్కడ 11,36,000 డాలర్లు కొడితే, 1960ల్లో ప్రభుత్వ ఖజానాలో సంచులు విప్పేసరికి 9,60,000కు పైగా అలాగే ఉన్నాయి. బజారు మొహం చూడలేదు. వాటిని నల్ల ప్లాస్టిక్ పెట్టెల్లో పెట్టి 1972 నుంచి 1980 దాకా పోస్టులో అమ్మారు. "ఎనభై ఏళ్లు సంచిలో పడుంది కాబట్టే ఆ పత్తికాయలు అరగలేదు" అన్నాడు. ఒక క్యాషియర్‌గా నాకు మాత్రం, చలామణి చెయ్యని డబ్బు అచ్చువెయ్యడమెందుకు అనే అనిపించింది. గనులవాళ్ల ఒత్తిడికి లొంగి, నెలకి కనీసం 20 లక్షల డాలర్ల వెండి కొనాలని 1878లో చట్టం చేశారట. అదీ సంగతి.

మిగిలిన పులిహోర బయట చెట్టు కింద తింటుండగా వాడు అడిగాడు: "1918లో ఇండియాలో వెండి కరువు సంగతి నీకు తెలుసుగా?"

తెలియకేం. యుద్ధం రోజులు. రూపాయలకి వెండి చాలక 1917 చివర్లో మొదటిసారి రూపాయి నోటు వేశారు. ఆ వెంటనే రెండున్నర రూపాయల నోటు కూడా. జనం కాగితాన్ని నమ్మక, నోట్లు పట్టుకుని వెండి ఇమ్మని క్యూ కట్టారు. ఇది నాకు బాగా తెలిసిన పాఠమే. ఆ వెండి ఎక్కణ్ణుంచి తెచ్చారన్నది మాత్రం ఎప్పుడూ అడగలేదు.

"ఇక్కణ్ణుంచే" అన్నాడు. 1918 ఏప్రిల్‌లో పిట్‌మన్ చట్టం చేసి, ఖజానాలో ఉన్న వెండి డాలర్లు 27 కోట్లకు పైగా కరిగించారు. అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండిని ఇండియా రూపాయల కోసం బ్రిటన్‌కి అమ్మారు. మొత్తం ఎన్ని అన్న లెక్క చివరి అంకె దాకా ఉంది. ఏ ఊళ్లో కొట్టినవి, ఏ ఏటివి అన్నది మాత్రం ఎవరూ రాసుకోలేదు.

నేను జేబులోంచి అమ్మ రూపాయి తీశాను. దీంట్లో ఆ టీచరమ్మ జుట్టు ఎంత ఉందో, అసలుందో లేదో, ఎవరూ చెప్పలేరు. వెండికి ఇంటిపేరుండదు. జార్జి అంగీ మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. 1911లో మొదటిసారి వేసినప్పుడు అది పందిలా ఉందని గొడవై, మరుసటి ఏడు తొండం సరిచేసి మళ్లీ కొట్టారు. నా విబూది దెబ్బకి ఆ తొండం ఇప్పుడు మళ్లీ పలచబడింది. ఆ సంగతి వాడితో అనలేదు.

సాయంత్రం ఆ కామ్‌స్టాక్ గని ఉన్న కొండ మీది ఊరు వర్జీనియా సిటీకి కూడా వెళ్లాం. చెక్క పేవ్‌మెంట్లు, టూరిస్టులు, ఐస్‌క్రీం షాపులు. బంగారం కోసం తవ్వినవాళ్లు పారలకి అంటుకునే నీలి బురదని తిట్టుకుంటూ అవతల పారబోశారట, తీరా చూస్తే వెండి అందులోనే ఉంది. ఊరికి ఇప్పుడు ఆ కథే జీవనాధారం.

రెండు వారాలకి శ్రావణ శుక్రవారం వచ్చింది. పొద్దున్నే మా ఆవిడ కలశం దగ్గర కూర్చుని, "అత్తయ్యగారి రూపాయి ఏదండీ?" అంది. మావాడు తెచ్చిచ్చాడు, గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలో. ఇది కలశంలో పట్టదురా అంటే, "అయితే ముందు పెట్టమ్మా, తియ్యొద్దు" అన్నాడు. పక్కనే నల్లపెట్టెలో డాలరు కూడా పెట్టాడు.

"ఈవిడెవరు?" అంది.

"టీచరు" అన్నాను.

కళ్లద్దాలు సరిచేసుకుని దగ్గరగా చూసింది. "తల్లో పత్తి పెట్టుకుందేంటి, పిచ్చిది" అంటూనే వేలితో కుంకుమ తీసింది.

"అమ్మా, పెట్టె మీదే పెట్టు!" మావాడు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాడు.